పెద్ద మెథడ్‌ని కదిలించొద్దంట, ఎందుకు కదిలించకూడదు?

మన నెల్లూరు, ఒంగోలు డెవలపర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతా ఉంది. అందులో ఉన్నది ఇది: పెద్ద మెథడ్‌ని (ఒక పేరు కింద రాసుకున్న కోడ్ ముక్కని) చిన్న మెథడ్స్‌గా విడగొట్టడం టైం వేస్ట్, ఒకేచోట ఉంటే పైనుంచి కిందికి చదువుకోవచ్చు, విడగొడితే కొత్త బగ్గులొస్తాయి, ఫంక్షన్ కాల్స్ (ఒక మెథడ్ ఇంకోదాన్ని పిలవడం) ఎక్కువై స్లో అవుద్ది, అర్థం కాకపోతే కామెంట్ రాసుకో, అయినా క్లయింట్ దీనికి డబ్బులివ్వడు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నిజమేననుకుని ఫార్వర్డ్ చేస్తుండారు, అందుకే ఒక్కోటీ తీసుకుని చెప్తా.

ముందు ఆ "ఒకేచోట చదువుకోవచ్చు" అనేది. విడవలూరు వైపు రొయ్యలు కొనే ఒకాయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేను చూస్తుంటా, జావాలో రాసింది. అందులో సేవ్‌బిల్ అని ఒకే మెథడ్, 700 లైన్ల పైనే. కాటా తూకం, కౌంట్, రేటు, సాఫ్ట్ కటింగ్, మేత బాకీ, ప్రింటు, ఎస్సెమ్మెస్ అన్నీ దాంట్లోనే. తెలీనోళ్ళకి, కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, 50 కౌంట్ అంటే రొయ్య సుమారు 20 గ్రాములు, 100 అయితే 10 గ్రాములు, కౌంట్ పెరిగేకొద్దీ రేటు తగ్గుద్ది. సాఫ్ట్ కటింగ్ అంటే పెంకు మెత్తగా ఉన్న రొయ్యలకని తూకంలో కోసేసేది. ఆ మెథడ్ మొదట్లో టెంప్ అనే వేరియబుల్‌లో కాటా తూకం పెట్టారు, ఎంతో కిందికి పోయాక అదే టెంప్‌లో సాఫ్ట్ కటింగ్ పోగా మిగిలిన తూకం పెట్టారు, చివర్లో రైతుకి పోయే ఎస్సెమ్మెస్‌లో మొత్తం తూకం అని మళ్ళా అదే టెంప్‌ని పంపించారు. గుంట దగ్గర రాసిచ్చిన చీటీలో ఒక తూకం, ఫోన్లో ఇంకో తూకం. రైతు ఊరుకుంటాడా? డబ్బు లెక్క కరెక్టుగానే ఉన్నా కాటాలో మోసం చేశారని గొడవ. పైనుంచి కిందికి చదివినోళ్ళు ఎవరూ దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అన్ని వందల లైన్ల పాటు టెంప్‌లో ఇప్పుడేముందో ఎవరికి గుర్తుంటది. సాఫ్ట్ కటింగ్ లెక్క వేరే మెథడ్‌లో ఉండుంటే దాని వేరియబుల్ ఆ మెథడ్‌తోనే పోయేది, ఎస్సెమ్మెస్ దాకా వచ్చే దారే లేదు.

ఇందులో ఒక నిజం ఉంది, దాన్ని కాదనను. పార్ట్1, పార్ట్2 అని పేర్లు పెట్టి ఎనిమిదేసి పారామీటర్లు ఇచ్చి కోసేస్తే ముందుకంటే ఘోరంగా ఉంటది. డూమ్ గేమ్ రాసినవాళ్ళలో ఒకడైన జాన్ కార్మాక్ కూడా 2007లో, ఒకేచోట నుంచి పిలిచే ఫంక్షన్లని లోపలే రాసేయడం మేలని వాదించాడు, ఆయన బాధ స్టేట్ (వేరియబుల్స్‌లో అప్పటికున్న విలువలు) తెలీకుండా మారిపోవడం గురించి, 2014లో ప్యూర్ ఫంక్షన్ల (ఇచ్చిన ఇన్‌పుట్ తప్ప బయటిదేదీ ముట్టుకోని ఫంక్షన్ల) వైపు ఇంకా మొగ్గానని తనే రాశాడు. లైన్ల సంఖ్య పట్టుకుని కొట్లాడటం దండగ, కోడ్‌ని తనిఖీ చేసే టూల్స్‌కే దాంట్లో ఏకాభిప్రాయం లేదు, ఎవరూ మార్చకపోతే రూబోకాప్ 10 లైన్లకే అరుస్తది, ఈఎస్‌లింట్‌లో ఆ రూలు ఆన్ చేస్తే 50, చెక్‌స్టైల్‌లో అయితే 150. నేను చూసేది ఒకటే, ఈ ముక్కకి ఒక సరైన పేరు పెట్టగలనా లేదా అని.

కొత్త బగ్గుల మాట. టెస్టుల్లేకుండా రాత్రికి రాత్రి మొత్తం తిరగరాస్తే వస్తాయి, దాన్ని రిఫాక్టరింగ్ అనరు, రిఫాక్టరింగ్ అంటే పనిచేసే తీరు మారకుండా కోడ్‌ని సర్దడం. పాత బిల్లులు తీసుకుని వాటి ఇన్‌పుట్, వచ్చిన ఔట్‌పుట్ రెండూ తప్పొప్పులతో సహా టెస్టుగా పెట్టుకోవాలి, పాత కోడ్‌ని బాగుచేయడం మీద పుస్తకం రాసిన మైకేల్ ఫెదర్స్ దీన్నే క్యారెక్టరైజేషన్ టెస్ట్ అన్నాడు. ఆ తర్వాత జావా రాసుకునే ఇంటెల్లిజే ఎడిటర్‌లో ముక్కని సెలెక్ట్ చేసి, దాన్ని వేరే మెథడ్‌గా తీసే కంట్రోల్ ఆల్ట్ ఎమ్ నొక్కి, టెస్టు రన్ చేసి, కమిట్ చేసి (ఆ మార్పుని విడిగా సేవ్ చేసి), ఇంకో ముక్క. జావా మెథడ్ ఒక్క వాల్యూనే రిటర్న్ చేస్తది కాబట్టి మీ ముక్కలోంచి రెండు వేరియబుల్స్ బయటికి రావాల్సొస్తే అక్కడ రెండు పనులు చిక్కుపడ్డాయని అర్థం, ముందు ఆ చిక్కు తీయండి. తప్పు ఎస్సెమ్మెస్‌ని కూడా ఆ తర్వాత వేరే కమిట్‌లో సరిచేయాలి, రెండూ కలిపితే ఏ మార్పు వల్ల ఏమైందో తెలీదు.

స్లో అవుద్దనేది జావాలో దాదాపు తలకిందుల మాట. జావా ప్రోగ్రాముల్ని నడిపే హాట్‌స్పాట్ జేవీఎం చిన్న మెథడ్స్‌ని, అంటే 35 బైట్ల బైట్‌కోడ్ (జావా కోడ్ కంపైలైతే వచ్చేది) లోపలున్నవాటిని, బాగా వాడుకలో ఉంటే అంతకంటే పెద్దవాటిని కూడా, పిలిచినచోటే తనే కలిపేస్తది. అదే ఒక మెథడ్ 8000 బైట్లు దాటితే మామూలు సెట్టింగ్స్‌లో దాన్ని జిట్ కంపైలే చెయ్యదు, అంటే నడుస్తుండగా మెషిన్ భాషలోకి మార్చదు, అందుకే అదే స్లో.

కామెంట్ సంగతి కూడా అదే బిల్లింగ్‌లో చూశా, పైన కామెంట్‌లో సాఫ్ట్‌కి 2 శాతం అని ఉంది, కింద కోడ్ 3 కోస్తా ఉంది. రూలు మార్చినోళ్ళు కామెంట్ మార్చలేదు. కామెంట్‌ని టెస్టు చెయ్యలేం కదా.

ఇక డబ్బులు. రిఫాక్టరింగ్ అని ఎస్టిమేట్‌లో వేరే లైను నేనెప్పుడూ పెట్టను. ఐస్ ఖర్చు ఏజెంటు మీద వెయ్యాలా రైతు మీద వెయ్యాలా అనే రూలు మార్చమని ఆ రొయ్యలాయన అడిగినప్పుడు ఆ ఐస్ ముక్కనే ముందు బయటికి తీశా, ఆ తర్వాత మార్చా, రెండూ ఆ పని ఖర్చులోనే. ఎవరూ మార్పు అడగని నెలవారీ రిపోర్టు ప్రింటు మెథడ్ ఇంకా పొడుగ్గానే ఉండాది, దాని జోలికి పోలేదు.