బిడ్డ పడక తల్లి పక్కనే ఉండాలి

ఆపరేషన్ థియేటర్ నుంచి వార్డుకొచ్చిన బాలింత ముందు అడిగేది బిడ్డ గురించే. ‘అబ్జర్వేషన్‌లో ఉంది, పొద్దున తెస్తాంలే, నువ్వు పడుకో’ అన్న జవాబు కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోని కొన్ని ప్రైవేటు నర్సింగ్ హోముల్లో ఇంకా వినిపిస్తోంది. ఊపిరి అందని బిడ్డను, నెలలు నిండని బిడ్డను ప్రత్యేక వార్డులో ఉంచాల్సిందే. ఆరోగ్యంగా ఉన్న బిడ్డను కూడా తల్లికి దూరం చేయడాన్ని మేము తప్పుపడుతున్నాం.

తల్లీబిడ్డలు పగలూ రాత్రీ ఒకేచోట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లోనే చెప్పాయి. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. అంతకుముందే బిడ్డ పెదాలు చప్పరిస్తుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది, తల తిప్పి రొమ్ము కోసం వెతుకుతుంది. ఇవన్నీ పక్కనున్న తల్లికే కనబడతాయి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు బిడ్డ చీకితేనే పాలు బాగా పడతాయి. పాలు ఊరడానికి కావాల్సిన ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిళ్లే ఎక్కువ. ఆ రాత్రే బిడ్డకు డబ్బాపాలు పడితే, మూడోనాటికి ఇంటిల్లిపాదికీ ‘పాలు పడలేదు’ అన్న టెన్షన్ పట్టుకుంటుంది.

ఒకే గదిలో ఉంచినంత మాత్రాన నెలల తరబడి పాలిస్తారా? వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్షకు తగిన ట్రయల్ ఒక్కటే దొరికింది, అదీ 176 మంది తల్లులతో. కలిసి ఉన్నవారిలో నాలుగోరోజుకు తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలు ఎక్కువ. ఆరు నెలలకు మాత్రం తేడా కనబడలేదు. కాబట్టి పక్కన పడుకోబెట్టి చేతులు దులుపుకుంటే చాలదు.

సర్కారు ఆసుపత్రుల్లో బిడ్డ ఎటూ తల్లి మంచం మీదే ఉంటుంది. లోటల్లా పట్టించుకునే మనిషిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. రాత్రి రెండింటికి కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లికి దిండు సర్ది, బిడ్డ నోటికి రొమ్ము సరిగ్గా అందించే నర్సు కావాలి. అవ్వ చక్కెరనీళ్లు కలపకముందే రావాలి.

డిశ్చార్జి కాగితం రాసేముందు బిడ్డ పాలు తాగడం నర్సు కళ్లారా చూడాలి. ఆ తర్వాత ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు బరువు తూచి వెళ్లిపోకుండా పాలు పట్టే తీరు కూడా చూడాలి. మన దగ్గర బాలింత వెళ్లేది ఎక్కువగా పుట్టింటికి, పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్లో. ఆమె ఏ ఊరు చేరుతోందో ఆ ఊరి ఆశాకు ఆసుపత్రే అదే రోజు ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు మూడు జిల్లాల వైద్యాధికారులు వెంటనే చేయాలి.