ఒప్పందాలు సరే, పాఠం చెప్పేదెవరు?

మళ్లీ అవగాహన ఒప్పందాల సీజన్ మొదలైంది. ఇవాళ ఒక యూనివర్సిటీ, రేపు ఇంకొకటి. వీసీ గారూ కంపెనీ ప్రతినిధీ ఫైళ్లు మార్చుకుంటారు, శాలువాలు కప్పుకుంటారు. వేల మందికి డేటా సైన్స్‌లో శిక్షణ అని మర్నాడు పేపర్లో వస్తుంది. ఏడాది తిరిగాక విద్యార్థి చేతిలో మిగిలేది ఓ లాగిన్ ఐడీ, కొన్ని రికార్డు చేసిన వీడియోలు, ఒక సర్టిఫికెట్. కోర్సు కొనుక్కున్నాం అని చెప్పడానికి ఇంత హడావుడి ఎందుకు?

నిజంగా కలిసి పనిచేస్తే ఏం జరుగుతుందో మన చరిత్రలోనే ఉంది. 1941లో కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. మొదలుపెట్టింది. దాని వెన్నుదన్ను గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. బెంగాల్‌లో జనపనార సాగు ఎంతో తేల్చడానికి పొలాల మీద పడి సర్వేలు చేసిన సంస్థ అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు ఆ ఎం.ఏ. తొలి బ్యాచ్ విద్యార్థి. తర్వాత అక్కడే పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి లేచి, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఈ ఫలితం పెద్ద శాంపిల్స్‌కు వర్తిస్తోంది కదా, చిన్న శాంపిల్స్‌కూ వర్తిస్తుందా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి ఇంటికెళ్లి కూర్చుని దాన్ని నిరూపించారు. 1945లో అచ్చయిన ఆ వ్యాసమే 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి తెచ్చింది.

రికార్డు చేసిన వీడియోను ఏ దండేకర్ ప్రశ్నించగలడు?

సిలబస్ మారడానికి ఏళ్లు పడుతుంది, పరిశ్రమలో టూల్స్ ఆర్నెల్లకోసారి మారతాయి, కంపెనీలు రాకపోతే పిల్లలకు ఉద్యోగాలెలా అంటారు. నిజమే, రానివ్వండి. కానీ టూల్ నేర్చుకోవడానికి తెలివైన కుర్రాడికి నెల చాలు. లెక్క ఎక్కడ అబద్ధం చెబుతోందో పసిగట్టడానికి ఏళ్లు కావాలి, పక్కన ఒక గురువు కావాలి. ఆ గురువుల పోస్టులే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. డేటా సైన్స్ సీట్లు మాత్రం ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి.

ఇక విద్యార్థులు చేసే ప్రాజెక్టుల సంగతి. అభ్యాసానికి అందరూ వాడే అవే డేటాలు: టైటానిక్ ప్రయాణికుల జాబితా, లేకపోతే ఐరిస్ పూలు. 150 పూల కొలతలతో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1936లో వ్యాసం రాసిన ఆ డేటానే ఇప్పటికీ తిప్పి తిప్పి వాడుతున్నారు. అదీ చేతకాకపోతే అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు దొరుకుతుంది, రిపోర్టు, పీపీటీతో సహా.

దీనికి బదులు తెలంగాణ పంటల లెక్కలు పదిహేనేళ్లవి ఇచ్చి చూడండి. 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత వరంగల్ వరి దిగుబడిని ఇప్పటి ఏ జిల్లాతో పోల్చాలి? మండలాల దాకా వెళ్లి మళ్లీ కూడాలి. ఒకే మండలం పేరు ఒక్కో ఫైల్లో ఒక్కో స్పెల్లింగ్‌తో ఉంటుంది. ఉద్యోగంలో చేరాక సగం రోజు చేసేది ఈ చాకిరీయే. దీన్ని ఏ సర్టిఫికెట్ కోర్సూ నేర్పదు.

అసలు ఆ డేటా ఇవ్వాల్సింది ప్రభుత్వం. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది, ప్రణాళికలన్నీ 2011 అంకెల మీదే నడుస్తున్నాయి. లెక్కలంటే ఇంత నిర్లక్ష్యం చూపే వ్యవస్థ యువతకు డేటా సైన్స్ నేర్పిస్తానంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తెలంగాణలో 2024లో ఇంటింటికీ తిరిగి కుల సర్వే చేశారు. పేర్లు, చిరునామాలు తీసేసి, అందులోంచి ఒక శాంపిల్‌ను ఉస్మానియా, కాకతీయ స్టాటిస్టిక్స్ విభాగాలకు ఇవ్వండి. పాఠం చెప్పడానికి ఇద్దరేసి రెగ్యులర్ అధ్యాపకులను వేయండి. కంపెనీలను ఆ తర్వాత పిలుద్దాం, శాలువాలతో సహా.