‘నాది’ అన్న పిల్లాణ్ణి తిట్టే ముందు

రెండేళ్ల పిల్లాడు బొమ్మను గుండెకు హత్తుకుని ‘నాది!’ అని అరిచాడంటే పెద్దవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఈ వయసులోనే ఇంత స్వార్థమా అనుకుంటారు. ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న మొహమాటంతో ఆ బొమ్మ లాక్కుని పక్క పిల్లాడి చేతిలో పెట్టేస్తారు. వాడు నేలమీద పడి దొర్లితే మొండివాడని ముద్ర వేస్తారు.

ఇది పిల్లలకు చేస్తున్న అన్యాయమని నా గట్టి నమ్మకం. తాను వేరు, ఎదుటివాడు వేరు అని తెలిశాకే ఒక వస్తువు తనదని చెప్పుకోవడం కుదురుతుంది. లారా లెవిన్ అనే పరిశోధకురాలు రెండేళ్ల మగపిల్లలను జంటలుగా ఆడుకోనిచ్చి గమనించి, 1983లో ఆ వివరాలు ప్రచురించారు. తమ గురించిన ఎరుక ఎక్కువగా ఉన్న పిల్లలే బొమ్మలు తమవని ఎక్కువసార్లు చెప్పుకున్నారు. మనం గుణదోషం అనుకుంటున్నది నిజానికి ఎదుగుదల.

ఆ ఎరుక ముందు ఒంటి దగ్గర మొదలవుతుంది. పుట్టి ఒక రోజు కూడా నిండని శిశువు బుగ్గను ఎవరైనా వేలితో తాకితే, పాల కోసం అటువైపు నోరు తిప్పుతుంది. తన చెయ్యే తగిలితే అంతగా తిప్పదు. ఫిలిప్ రోషా, సూసన్ హెస్పోస్ 1997లో చూపించిన సంగతి ఇది. రెండు మూడు నెలలకు మరో మెట్టు. పడక పైన వేలాడే బొమ్మలకు కట్టిన రిబ్బన్ కొసను పాప కాలికి కడితే, తన్నినప్పుడల్లా బొమ్మలు ఊగుతాయని కాసేపటికే పట్టేస్తుంది. ఆ తర్వాత ఇంకా జోరుగా తంతుంది. ‘నేను చేస్తే జరుగుతోంది’ అన్న అనుభవం మాటలు రాకముందే అలా అందుతుంది.

అయితే ఒళ్లు ఒక్కటే చాలదు, బదులిచ్చే మనిషి కావాలి. ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం చూడటానికే కష్టంగా ఉంటుంది. అప్పటిదాకా నవ్వుతూ ఆడించిన తల్లి, ఒక్కసారిగా ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుని ముడుచుకుపోతుంది. తన నవ్వుకు నవ్వు, పిలుపుకు పలుకు రావాలని ఆ పసిబిడ్డకు అప్పటికే తెలుసు.

అద్దం పరీక్ష గురించి చాలామంది వినే ఉంటారు. బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ 1972లో ప్రచురించిన పద్ధతి అది. పిల్లల ముక్కుకు తెలియకుండా ఎర్రరంగు అంటించి అద్దం ముందు నిలబెడతారు. ఏడాది లోపు పిల్లలు అద్దంలోని బిడ్డను చూసి నవ్వుతారు, ఇంకెవరో ఉన్నట్టు తాకబోతారు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య మాత్రం చెయ్యి అద్దం మీదికి కాకుండా తన ముక్కు మీదికే పోతుంది. ఇది ముచ్చటైన ప్రయోగమే కానీ, దీన్ని కొలబద్దగా పట్టుకోవడం నాకు నచ్చదు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కెన్యాలో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు 82 మందిని పరీక్షిస్తే, ఇద్దరే గుర్తును తాకారు. చాలామంది బిగుసుకుపోయి అద్దంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆరేళ్ల పిల్లలకు తామెవరో తెలియదని ఎవరైనా అనగలరా? కొత్తవాళ్ల ముందు ఎలా మసలుకోవాలో వాళ్లు నేర్చుకున్నది వేరు, అంతే. హైడీ కెల్లర్ బృందం 2004లో చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. కామెరూన్‌లోని న్సో రైతు కుటుంబాల పిల్లలు పెద్దలు చెప్పిన పని చేయడంలో ముందున్నారు. గ్రీసు నగర కుటుంబాల పిల్లలు అద్దంలో తమను గుర్తుపట్టడంలో ముందున్నారు. ఎవరికి ఏది ముందు అబ్బుతుందనేది పెంపకాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ‘మావాడు ఇంకా గుర్తుపట్టడం లేదు’ అని బెంగ పెట్టుకుని రోజూ అద్దం ముందు పరీక్షలు పెట్టనక్కర్లేదు.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం మరొకటి ఉంది. బొమ్మబండికి వెనక చిన్న పట్టా కట్టి, బిడ్డను ఆ పట్టా మీదే నిలబెట్టి బండి తొయ్యమంటారు. బండి కదలదు. చిన్నపిల్లలు ఇంకా గట్టిగా తోస్తారు, విసుక్కుంటారు. కాస్త పెద్దవాళ్లు కిందికి చూసి, పట్టా దిగి, అప్పుడు తోస్తారు. అడ్డు తన ఒళ్లేనని గ్రహించడమంటే తనను తాను బయటి నుంచి చూసుకోవడమే.

బయటి నుంచి చూసుకోవడం వచ్చాక సిగ్గు కూడా వస్తుంది. అద్దంలో తమను గుర్తుపట్టే పిల్లలే నలుగురూ తమవైపు చూసినప్పుడు ఎక్కువగా మొహమాటపడతారని 1989లో మైకేల్ లూయిస్ బృందం చూపింది. మూడేళ్లు వచ్చేసరికి గర్వం, తప్పు చేశానన్న బాధ కూడా తోడవుతాయి. అందుకే నలుగురిలో పెట్టి తిట్టడం ఈ వయసులో అంతగా తగులుతుంది. అంతకుముందు గదమాయిస్తే భయమేసేది, ఇప్పుడు ‘నేను చెడ్డదాన్ని’ అనిపిస్తుంది. ‘అవును, బొమ్మ నీదే. వాడు కాసేపు ఆడుకుని మళ్లీ నీకే ఇస్తాడు’ అంటే సరిపోయే చోట ముద్రలెందుకు?

ఇక కాలం సంగతి. 1996లో డేనియల్ పొవినెల్లి బృందం, ఆటలో పిల్లల తల మీద రహస్యంగా స్టిక్కర్ అతికించి, కొద్ది నిమిషాల తర్వాత ఆ వీడియో చూపించింది. నాలుగేళ్ల పిల్లల్లో ఎక్కువమంది తల తడుముకుని స్టిక్కర్ తీసేశారు. రెండు మూడేళ్లవాళ్లలో అలా చేసినవాళ్లు తక్కువ. ఇందాకటి తానూ ఇప్పటి తానూ ఒక్కరేనన్న ముడి అప్పటికింకా పడలేదు.

ఆ ముడి వేసేది మాటలే. జరిగినదాని గురించి వివరంగా అడిగి చెప్పించే తల్లుల పిల్లలకు తమ గతం గురించి చెప్పుకునే నేర్పు ఎక్కువని రాబిన్ ఫైవుష్, కాథరిన్ నెల్సన్ వంటివారి పరిశోధన చెబుతోంది. ‘నిన్న వానలో తడిశాం కదా?’ అంటే ‘ఊఁ’ అంటాడు, అక్కడితో సరి. ‘వానలో ఏం చేశావు నాన్నా?’ అంటే ‘గెంతాను’ అంటాడు. ‘తర్వాత ఉరిమింది కదా, అప్పుడు?’ ‘భయమేసింది.’ ‘మరి ఏం చేశావు?’ ‘నీ దగ్గరికొచ్చా.’ పిల్లల వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ వందలకొద్దీ ఉన్నాయి. వాటిని ఒకదాని వెంట ఒకటి ఊరికే చూపించుకుంటూ పోకుండా, ఒక్కటి పెట్టి మధ్యలో ఆపి ‘అప్పుడేమైంది?’ అని అడగొచ్చు. వాడు తడుముకుంటూ చెప్పేదాకా ఆగడానికి కాస్త తీరిక ఉంటే చాలు.