కొత్త చేతికి ఏ బండి?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైందంటే ఇంట్లో ఆ తర్వాతి చర్చ బండి గురించే. కుర్రాడు అప్పటికే రంగుతో సహా ఎంచుకుని ఉంటాడు. తండ్రి మైలేజీ అడుగుతాడు, తల్లి భయపడుతుంది, చివరికి ఈఎంఐ ఎంతన్న దగ్గర బేరం తెగుతుంది. షోరూం నుంచి నేరుగా గుడికి వెళ్లి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకుంటారు. ఇంత తతంగంలోనూ ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ఇప్పుడిప్పుడే గేర్లు మార్చడం నేర్చుకుంటున్న ఈ చేతిలో ఆ బండి ఆగుతుందా?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. వారంతా కొత్తగా బండెక్కినవారు కారు, తప్పంతా బండిదీ కాదు. అయితే రోడ్డు మీది గుంత, ఎదురొచ్చే లారీ, వెలగని వీధి దీపం ఇవేవీ ఆ కుటుంబం చేతిలో లేవు. ఏ బండి కొనాలన్నది మాత్రం పూర్తిగా వారి చేతిలో ఉంది. అందుకే ఈ ఎంపిక గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాం.

ఈ భారమంతా కుటుంబాల మీద పడటానికి మన లైసెన్సు విధానమూ ఓ కారణం. పద్దెనిమిదేళ్లు నిండి, గేర్ల బండి లైసెన్సు చేతికందితే చాలు, 100 సీసీ నడిపినా వెయ్యి సీసీ నడిపినా చట్టానికి ఒక్కటే. యూరప్‌లో అలా కాదు. తొలి మెట్టులో 125 సీసీ, 15 హార్స్‌పవర్‌కు మించని బండ్లే నడపాలి. ఆ పై మెట్టులో 47 హార్స్‌పవర్ వరకు అనుమతి. పెద్ద బండ్లు ఆ తర్వాతే. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై వెయ్యి సీసీ బండి అదుపు తప్పి, మాజీ క్రికెట్ కెప్టెన్ కుమారుడైన పందొమ్మిదేళ్ల యువకుడు, అతడితో ఉన్న బంధువు ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు రెండు ఇళ్లలో రగిలిన కడుపుకోత చూసి కూడా మన చట్టంలో మెట్లు వేసుకోలేదు.

ఇంజిన్ లాగుడు ఎక్కువైతే ప్రమాదమేమిటని కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చూడని గుంతలో చక్రం పడినప్పుడు కొత్తవాడు హ్యాండిల్‌ను ఒక్కసారిగా బిగించి పట్టుకుంటాడు. ఆ బిగింపులోనే మణికట్టు వంగి యాక్సిలరేటర్ తిరిగిపోతుంది. ఎనిమిది హార్స్‌పవర్ స్ప్లెండర్ అయితే ఓ కుదుపు కుదిపి ఊరుకుంటుంది. నలభై దాటిన బండి ముందున్న దానిమీదికి దూకుతుంది. అనుభవమున్నవాడు ఆ క్షణంలో చెయ్యి వదులు చేస్తాడు. ఆ అలవాటు నెలల తరబడి నడిపితేగానీ రాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను తేరుకునేలోపే బండి పదిహేడు మీటర్లు వెళ్లిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. మొదటి రెండేళ్లకు 100 నుంచి 160 సీసీ లోపు బండి చాలని మా నిశ్చితాభిప్రాయం.

బరువు సంగతీ చూడాలి. స్ప్లెండర్ 112 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. రెండోది పరుగు పందెం బండి కాదు, నిదానంగానే సాగుతుంది. కానీ ఇసుక పరుచుకున్న మలుపులో యూటర్న్ కొడుతూ కాలు జారితే అంత బరువును నిలబెట్టడం కొత్తవాడి వల్ల కాదు. సీటుపై కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఏటవాలు స్థలంలోంచి వెనక్కి నెట్టుకుని రాగలగాలి. షోరూంలో నిలబడి ఈ రెండూ చేసి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

అన్నిటికంటే మేము ఎక్కువ ప్రాధాన్యమిచ్చేది బ్రేకుకు. మన ఊళ్లలో బండి నేర్పే అన్నలు, బాబాయిలు మొదట చెప్పే మాట ‘ముందు బ్రేకు ముట్టుకోకు, బోర్లా పడతావ్’ అని. ప్రేమతో చెప్పే తప్పుడు పాఠమిది. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే ఆ చక్రం బిగుసుకుని బండి పక్కకు ఈడ్చుకుపోతుంది. అలాగని ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కినా చక్రం బిగుసుకుని జారిపోయే మాట నిజమే. ఆ పొరపాటును కాచుకునేదే ఏబీఎస్. చక్రం తిరగడం ఆగిపోకుండా అది బ్రేకు పట్టును క్షణక్షణం సడలిస్తూ బిగిస్తూ ఉంటుంది. కోతల కాలంలో తారు రోడ్డు మీదే వడ్లు ఆరబోసుకునే జిల్లాలు మనవి, ఇసుక లారీలు దారి పొడవునా ఇసుక రాల్చుకుంటూ పోయే ఊళ్లు మనవి. ఇక్కడ ఏబీఎస్ ఆడంబరమెలా అవుతుంది? 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి. ఆ లోపు బండ్లకు రెండు బ్రేకుల్నీ కలిపి పనిచేయించే సీబీఎస్ ఉన్నా చాలన్నారు. అన్ని ద్విచక్ర వాహనాలకూ ఏబీఎస్ ఉండాలని 2025లో కేంద్రం తెచ్చిన ముసాయిదాను మేము మనసారా సమర్థిస్తున్నాం. ఒకే బండి ఏబీఎస్‌తోనూ, అది లేకుండానూ దొరికితే అలాయ్ చక్రాలు, బ్లూటూత్ మీటరు వదులుకునైనా ఏబీఎస్ ఉన్నదే తీసుకోండి.

కుర్రాడి బండి మీద కుర్రాడొక్కడే ఎక్కడు. అమ్మ ఆస్పత్రికి, చెల్లి ట్యూషన్‌కు దానిమీదే వెళ్తారు. వెనక సీటు గూడు కట్టినట్టు ఎత్తుగా, వెడల్పు లేకుండా ఉండే స్పోర్ట్స్ బండి మీద చీర కట్టుకున్న అమ్మ ఎలా కూర్చుంటుంది? వెనక కూర్చున్నవారికి పట్టుకునే పిడి, పాదం ఆన్చే చోటు, వెనక చక్రానికి అడ్డుగా రక్షణ కవచం ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. అందం చెడుతుందని ఆ కవచాన్ని, అంటే శారీ గార్డును విప్పించేయడం చాలా చోట్ల చూస్తున్నాం. దయచేసి ఆ పని చేయకండి. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే. కొత్త బండితో పాటు ఐఎస్ఐ ప్రమాణాల హెల్మెట్ ఇవ్వాలని నిబంధన ఉంది. దాన్ని అడిగి తీసుకుని, వెనకవారి కోసం మరొకటి కొనుక్కోవాలి.

నేర్చుకునే రోజుల్లో బండి ఒకటి రెండుసార్లు కింద పడుతుంది, కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనడం తెలివైన పనే. అయితే 2019కి ముందు తయారైన వాటిలో చాలావాటికి ఏబీఎస్ గానీ సీబీఎస్ గానీ ఉండదు. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఎంత మెరుస్తున్నా అయిదారేళ్ల నాటి టైరయితే మార్పించాకే రోడ్డెక్కించాలి.

మెట్ల వారీ లైసెన్సుకు చట్ట సవరణ కావాలి, దానికి సమయం పడుతుంది. వెంటనే చేయగలిగిందొకటి ఉంది. అత్యవసరంగా బండి ఆపగలడో లేదో పరీక్షలో చూడాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే రాసి ఉంది. మన ట్రాకుల్లో మాత్రం కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పితే లైసెన్సు వచ్చేస్తోంది. నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చి, రెండు బ్రేకులూ వేసి, గీత దాటకుండా ఆపమని అభ్యర్థిని అడగడానికి కావలసింది ఓ తిన్నని దారి, దాని మీద ఒక తెల్ల గీత. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు తమ ట్రాకుల్లో ఆ గీత గీయించాలని కోరుతున్నాం.