మంచాన పడితే 15,000 సరే, లేపడానికి ఎంత?

పక్షవాతంతో మంచాన పడ్డవారికి, చక్రాల కుర్చీకే పరిమితమైనవారికి 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఏడాదికి 1,80,000. ఇవ్వాల్సిందే, అందులో పేచీ లేదు. ఆ మంచం ఎక్కకుండా కొందరినైనా ఆపగలిగిన తొలి వారాల మీద, అంటే మళ్లీ లేవడం నేర్పే పునరావాస వార్డుల మీద ఖర్చు పెట్టమన్నప్పుడే ఖజానా గుర్తొస్తుంది.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ మన లెక్క ఆపరేషన్ చుట్టూనే. గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్లండి అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లు ఎక్కువగా కోలుకునేది మొదటి మూడు నెలల్లో. ఆ మూడు నెలలూ నులక మంచం మీద గడిచిపోతాయి.

ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. లేపడానికి చచ్చుబడ్డ చేతిని పట్టుకుని గుంజుతారు, లేదా చంకల్లో చేతులేసి ఎత్తుతారు. భుజాన్ని పట్టి ఉంచే కండరాలు అప్పటికే వదులై ఉంటాయి కాబట్టి కీలు కిందికి జారుతుంది. పైన వేలు దూరేంత సందు పడుతుంది. ఇక ఆ నొప్పికి రోగి చెయ్యి కదపనివ్వడు, కదపక బిగుసుకుపోతుంది. నేర్పిస్తే పనేమంత కష్టం కాదు. కుర్చీని బాగున్న చేతి వైపు, మంచం ఎత్తుకు సమానంగా వేయాలి. నడుముకు బెల్టు కట్టి దాన్నే పట్టుకోవాలి. మన మోకాలు అతని బలహీనమైన మోకాలికి అడ్డం పెట్టి, ముందుకు వంచి లేపాలి. పడుకోబెట్టి మజ్జిగ తాగిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పలచనివే ఎక్కువ ప్రమాదం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పిర్రల మీద, మడమల మీద పుండ్లు.

44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్, గుత్తి దగ్గర ప్రమాదంలో వెన్నుపూస విరిగినవాడి సంగతి ఇంకా తిరకాసు. మూత్రాశయంలో అర లీటరు దాటకుండా, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన పైపుతో తీయడం అతనికే నేర్పాలి. నిండిపోనిస్తే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలకే ఎసరు.

అత్యవసర కేసులకే బెడ్లు లేవు, ఫిజియోథెరపిస్టును (ఫిజియోను) ఇంటికి పంపితే సరిపోతుంది కదా అంటారు కొందరు. బెడ్ల కొరత నిజమే. కానీ ఫిజియో అరగంట చూసి వెళ్తాడు. మిగతా ఇరవై మూడున్నర గంటల్లో భుజం గుంజేదెవరు, పొలమారేలా తాగించేదెవరు? అమెరికాలో పునరావాస వార్డుల్లో రోజుకు మూడు గంటల థెరపీ కొలమానం. మనం అందులో సగంతోనైనా మొదలుపెట్టవచ్చు. కర్నూలు, అనంతపురం, కడపల్లో తలా 20 బెడ్ల పునరావాస వార్డు. ఫిజియో, మాట, మింగుడు చూసే థెరపిస్టు, పుండ్లు తెలిసిన నర్సు. ప్యాకేజీ డబ్బు ఆపరేషన్‌కింతని కాదు, రోజుకింతని ఇవ్వాలి.

అసలు ఈ లెక్కలో కనపడని మనిషి ఇంకొకరున్నారు. భార్యో, కోడలో, కూతురో. మిరప కోతలకు, వేరుశనగ పీకడానికి పోయే ఆమె కూలి ఆ రోజే ఆగిపోతుంది. పింఛను అతని పేరు మీద వస్తుంది, రాత్రి రెండింటికి తిప్పి పడుకోబెట్టేది ఆమె. నడుము నొప్పి ఆమెకే మిగులుతుంది. వార్డులో ఆరు వారాలు పక్కనే ఉండి నేర్చుకునేది కూడా ఆమే. కాబట్టి ఆ ప్యాకేజీలో రెండో పేరు రాయాలి, దాని పక్కన ఉపాధి హామీ రేటుకు తగ్గకుండా రోజు కూలి రాయాలి.