పాతది బ్రౌజరా, మీ బుద్ధా?

"మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి." డబ్బులు కట్టి చూసే ఒక వీడియో సైటు ఇప్పుడే పెట్టిన అక్షింతలివి. నా లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్ అయి ఇంకా పూట గడవలేదు! అదే ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ (అడ్రస్ బార్‌లో about:config అని కొడితే వచ్చే లోపలి సెట్టింగుల పేజీ) తెరిచి, జనరల్.యూజర్‌ఏజెంట్.ఓవర్‌రైడ్ అనే స్ట్రింగ్ చేర్చి, లైనక్స్ బదులు విండోస్ పేరున్న యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన పేరు, సిస్టమ్ పేరు సైటుకి చెప్పుకునే వరస) అతికించగానే వీడియో శుభ్రంగా ఆడింది. అంటే వీళ్లు చూసేది వెర్షన్ కాదు, ఇంటిపేరు! (ఆ స్ట్రింగ్ అన్ని సైట్లకీ వర్తిస్తుంది, పని కాగానే తీసేయండి.)

ఇక మన ఉచిత వైద్యులు. వీడియో ఆగిందనగానే "బ్రౌజర్ తీసేసి మళ్లీ వేసుకో", "విండోస్‌కి మారిపో". రోగమేదో చూడకుండానే మందు చీటీ. అయ్యా, ముందు ఏ వీడియో ఆడుతోందో, ఏది ఆడట్లేదో అడగండి! యూట్యూబ్ ఆడుతూ, న్యూస్ సైట్ల ఎంపీ4 క్లిప్పులు మాత్రం నల్లగా ఉంటే అది కోడెక్ (వీడియోని కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) గొడవ. యూట్యూబ్ వీపీ9, ఏవీ1 అనే కోడెక్‌లతో పంపుతుంది, ఆ క్లిప్పుల కోడెక్ హెచ్.264. దాన్ని విప్పడానికి ఫైర్‌ఫాక్స్ సిస్టమ్‌లోని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడుతుంది. ఫెడోరా అనే లైనక్స్ పేటెంట్ల భయంతో ఇచ్చేది ఎఫ్ఎఫ్ఎంపెగ్-ఫ్రీ, అందులో హెచ్.264 ఉండదు. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి సాఫ్ట్‌వేర్ రిపాజిటరీ చేర్చి, డీఎన్ఎఫ్ స్వాప్ కమాండ్‌తో దాని స్థానంలో పూర్తి ఎఫ్ఎఫ్ఎంపెగ్ వేయాలి, చివర అలౌ ఎరేసింగ్ (--allowerasing) ఆప్షన్ తగిలించాలి. ఆ తర్వాత ట్యాబ్ రిఫ్రెష్ చేస్తే చాలదు, బ్రౌజర్ మొత్తం మూసి తెరవాలి.

ఉబుంటూ అనే మరో లైనక్స్ వాళ్లకైతే ఇంకో వేడుక. "రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ (కోడెక్‌ల మూట) వేసుకో" అని ఏళ్ల తరబడి అదే మంత్రం. 22.04 వెర్షన్ నుంచి అక్కడ ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే (తనకు కావలసినవన్నీ తనలోనే ఉన్న డబ్బాలాంటి ప్యాకేజీగా) వస్తోంది, దాని కోడెక్‌లు దాని డబ్బాలోనే ఉంటాయి. బయట సిస్టమ్‌లో ఎన్ని వేసినా ఆ డబ్బాలోకి పోవు. ఇంట్లో వంట చేసి పక్కింటాయన కడుపు నిండలేదేమని అడిగినట్టుంది!

డబ్బు కట్టే సైట్లు మాత్రమే మొరాయిస్తే అది డీఆర్ఎం, అంటే వీడియో కాపీ కాకుండా వేసే తాళం. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద డీఆర్ఎం టిక్ పెట్టండి, ప్లగిన్లలో వైడ్‌వైన్ (ఆ తాళం తీసే గూగుల్ సాఫ్ట్‌వేర్) కనిపించాలి. ఉత్త క్రోమియంలో (క్రోమ్‌కి మూలమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్) వైడ్‌వైన్ రాదు, తిట్టుకోకండి.

బొమ్మ ఆగి ఆగి వస్తూ ఫ్యాను రోకలిలా దంచుతుంటే అది వేరే కథ. టెర్మినల్‌లో వీఏఇన్‌ఫో (vainfo) కమాండ్ కొట్టండి, మీ గ్రాఫిక్స్ ఏ కోడెక్‌లు డీకోడ్ చేయగలదో వరసగా చెబుతుంది. ఇంటెల్‌లో బ్రాడ్‌వెల్ తరం చిప్‌ల నుంచి ఐహెచ్‌డీ డ్రైవర్, అంతకన్నా పాతవాటికి ఐ965. ఆ జాబితాలో ఏవీ1 లేకపోయినా యూట్యూబ్ ఏవీ1 పంపొచ్చు, అప్పుడు భారమంతా ప్రాసెసర్ నెత్తిన. వీడియో మీద రైట్‌క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ చూడండి, ఏవీ01 అని ఉంటే దొంగ దొరికినట్టే. అబౌట్ కాన్ఫిగ్‌లో మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేస్తే వీపీ9కి దిగుతుంది. శబ్దం వస్తూ బొమ్మ నల్లగా ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (గ్రాఫిక్స్ చిప్ సాయం) ఆపి చూడండి. ఆడిందా, తప్పు డ్రైవర్‌ది.

ఇంటెల్ గ్రాఫిక్స్‌కి లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని తనంతట తాను ఆన్ చేసి ఇచ్చింది 115వ వెర్షన్‌తో, 2023లో. అన్నీ మనకి ఆఖరి పంక్తిలోనే వడ్డిస్తారు. ఒకప్పుడు బ్రౌజర్లో వీడియోలు ఆడించిన అడోబీ వాళ్ల ఫ్లాష్ ప్లగిన్ సంగతి మర్చిపోయారా? 2012లో "మీకు 11.2 ఆఖరు, ఆపైన కావాలంటే క్రోమ్ వాడుకోండి" అని లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ల ముఖం మీద అడోబీ వాళ్లు తలుపేశారు. 2016లో మళ్లీ తెరిచి ఏదో ఉద్ధరించినట్టు ప్రకటన ఇచ్చారు. 2020 డిసెంబర్ 31న ఫ్లాష్‌కే నూకలు చెల్లాయి.

ఇప్పుడు ఆ కుర్చీలో వైడ్‌వైన్ కూర్చుంది. డెస్క్‌టాప్ లైనక్స్‌కి దొరికేది దాని అన్నిటికన్నా కింది మెట్టు ఎల్3, సాఫ్ట్‌వేర్ భద్రత మాత్రమే. అది చూసి చాలా సైట్లు 720పీ దగ్గరే తాళం వేస్తాయి, కొన్నిచోట్ల అంతకన్నా కిందే. యూజర్ ఏజెంట్‌లో ఇంటిపేరు మార్చినా ఎల్3 ఎల్3యే. నెలనెలా కోసే చందాలో మాత్రం ఎల్3 వాళ్లకి ఒక్క పైసా తగ్గింపు కూడా లేదు.