నాయకుడి కోపం కేసుగా ఎలా మారుతుంది

2015 డిసెంబరులో తుర్కియేలోని ఒక కోర్టు ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. ఒక హాలీవుడ్ సినిమాలోని గొల్లమ్ అనే పాత్ర మంచిదా, చెడ్డదా? ఆ దేశాధ్యక్షుడు ఎర్దొగాన్ ఫొటోల పక్కన గొల్లమ్ బొమ్మలు పెట్టి ఒక డాక్టర్ సోషల్ మీడియాలో షేర్ చేశారు. తినేటప్పుడు, ఆశ్చర్యపోయినప్పుడు ఇద్దరి ముఖాలూ ఎలా ఉన్నాయో పక్కపక్కనే కనిపిస్తాయి, అంతే. ఆ డాక్టర్ ప్రభుత్వ ఉద్యోగం పోయింది. అధ్యక్షుణ్ని అవమానించారని కేసు పడింది. తాను ఆ సినిమాలు పూర్తిగా చూడలేదని చెప్పిన జడ్జి, పాత్ర స్వభావం తేల్చమని నిపుణులకు అప్పగించారు.

అధ్యక్షుణ్ని అవమానిస్తే ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా జైలు అని అక్కడి శిక్షాస్మృతిలోని 299వ సెక్షన్ చెబుతుంది. 2014లో ఎర్దొగాన్ అధ్యక్షుడయ్యాక ఏడేళ్లలో ఈ సెక్షన్ కింద లక్షా 60 వేలకు పైగా దర్యాప్తులు మొదలయ్యాయి. 35 వేలకు పైగా కేసులు కోర్టుకెళ్లాయి. 12 వేల మందికి పైగా దోషులుగా తేలారు. ఫేస్‌బుక్ పోస్టుల వల్ల జైలుకెళ్లిన ఒకాయన కేసులో, ఆ చట్టాన్ని మార్చుకోవాలని 2021 అక్టోబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఒక మనిషి ఏడేళ్లలో లక్షా 60 వేల సార్లు నొచ్చుకోలేడు. అన్ని పోస్టులు ఆయన చూసి కూడా ఉండరు. మరి నొచ్చుకున్నదెవరు? ఆయన తరఫున నొచ్చుకునే పని ఎవరెవరో నెత్తిన వేసుకున్నారు. విమర్శ గిట్టని నాయకుడి గురించి మాట్లాడేటప్పుడు మనం ఆయన స్వభావం దగ్గరే ఆగిపోతాం. ముక్కోపి అనో, అహంకారి అనో ఒక మాట అనేసి ఊరుకుంటాం. కానీ అధికారంలో ఉన్న మనిషికి కోపం వస్తే అది ఆయన దగ్గర ఆగదు. మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది, దిగేకొద్దీ బరువెక్కుతుంది. పైన చిరాకుగా మొదలైంది కింద పోలీస్ స్టేషన్‌కు చేరేసరికి ఆర్డర్ అయిపోతుంది. మధ్యలో ఎవరూ ఆర్డర్ ఇచ్చి ఉండరు.

మా బంధువుల్లో ఒకాయనకు ఇలాంటిదే జరిగింది. ఒక ప్రజాప్రతినిధి కొత్త రోడ్డు ఫొటో పోస్ట్ చేస్తే, దాని కింద ఈయన ‘సార్, ఇది నాలుగు నెలలకే గుంతలు పడింది, ఒకసారి వచ్చి చూడండి’ అని రాశాడు. సాయంత్రానికి ఫోన్ వచ్చింది.

‘అన్నా, ఆ కామెంట్ తీసెయ్. సార్ చూశారు.’

‘చూసి ఏమన్నారు?’

‘ఏమీ అనలేదన్నా. చూసి ఫోన్ పక్కన పెట్టేశారు. అందుకే నీకు ముందే చెబుతున్నా.’

ఆ ఫోన్ చేసిన కుర్రాడు చెడ్డవాడు కాదు. మా బంధువు మీద అభిమానంతోనే చేశాడు. సార్ ముఖంలో ఏదో చూశాడు, దాని అర్థం తనే చెప్పుకున్నాడు. మా వాడు కామెంట్ తీసేశాడు. రోడ్డు నిజంగా పోయిందా లేదా అన్న మాట ఆ సంభాషణలో ఎక్కడా రాలేదు.

ఇదే వ్యవహారం ఇంకో నాలుగు మెట్లు దిగితే కేసు అవుతుంది. మన దేశంలో అది నడిచే తీరు చూస్తే దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫిర్యాదు చేసేది నాయకుడు కాదు, ఎక్కడో ఒక కార్యకర్త. మా నాయకుణ్ని కించపరిచారు, నా మనోభావాలు దెబ్బతిన్నాయి అని అర్జీ రాస్తాడు. ఆ అర్జీని పక్కన పెడితే రేపు తన పోస్టింగ్ ఏమవుతుందోనని స్టేషన్ ఆఫీసర్‌కు టెన్షన్. తీసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. శాంతికి భంగం, వర్గాల మధ్య ద్వేషం లాంటి సెక్షన్లు ఎలా కావాలంటే అలా సాగుతాయి. ఆ తర్వాత తెల్లవారుజామున తలుపు చప్పుడు, ఫోన్ స్వాధీనం, వేరే జిల్లాలో అదే పోస్టు మీద ఇంకో ఎఫ్ఐఆర్. చివరికి కోర్టు కేసు కొట్టేయవచ్చు, చాలాసార్లు కొట్టేస్తుంది కూడా. అప్పటికి ఆ మనిషి సెలవులు, జీతం, నిద్ర అన్నీ పోయి ఉంటాయి.

ఎంత కాలం పోతుందో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కేసు చెబుతుంది. 2012 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మీద వచ్చిన ఒక కార్టూన్‌ను ఆయన ఈమెయిల్‌లో తన హౌసింగ్ సొసైటీ వాళ్లకు ఫార్వర్డ్ చేశారు. గీసింది ఆయన కాదు. అయినా అరెస్టు చేశారు. ఆయనతో పాటు సొసైటీలోని డెబ్బై దాటిన పెద్దాయనను కూడా. ఆ కేసు నుంచి కోర్టు ఆయనకు విముక్తి కలిగించింది 2023 జనవరిలో. ఒక్క ఫార్వర్డ్‌కు దాదాపు పదకొండేళ్లు.

అదే రాష్ట్రంలో 2012 ఆగస్టులో బెల్‌పహాడీ సభలో ఒక రైతు లేచి ఎరువుల ధర గురించి ముఖ్యమంత్రిని అడిగాడు. ఆమె వేదిక మీద నుంచే అతన్ని మావోయిస్టు అన్నారు. కొద్ది రోజుల్లో అరెస్టయ్యాడు. ఇది సోషల్ మీడియా సంగతి కాదు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. విమర్శ తట్టుకోలేని నాయకుల మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘వీడి వెనుక ఎవరున్నారు?’ అనే. ‘వీడు ఏమన్నాడు?’ అన్నది ఆ తర్వాత కూడా రాదు. వెనుక ఎవరో ఉన్నారని నమ్మేస్తే ఎరువుల ధరకు జవాబు చెప్పే అవసరం తప్పిపోతుంది. కుట్ర అనే మాట నాయకుడికి ఇచ్చే సుఖం అదే. అందుకే అన్ని పార్టీల నాయకులూ దాన్ని అంత తేలిగ్గా అందుకుంటారు.

తమిళనాడులో జయలలిత ప్రభుత్వం 2011 తర్వాతి ఐదేళ్లలో రెండు వందలకు పైగా పరువునష్టం కేసులు వేసింది. ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది సంఖ్య కాదు, ఖర్చు. ముఖ్యమంత్రికి పరువునష్టం జరిగితే ప్రభుత్వ లాయరే నేరుగా సెషన్స్ కోర్టుకు వెళ్లి ఫిర్యాదు చేసే వీలు చట్టంలో ఉంది. నాయకురాలికి నొప్పి, ఫీజు మాత్రం ప్రజలది. విమర్శించినవాడు తన లాయర్ ఫీజు తను కట్టుకుంటూ, పన్నుల రూపంలో ఎదుటి లాయర్ ఫీజులో కూడా వాటా ఇస్తాడు. వాటిలో కొన్ని కేసులను 2020 మేలో మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. పరువునష్టం విషయంలో ప్రభుత్వం మామూలు మనిషిలా ఆవేశపడకూడదని చెప్పింది.

మన తెలుగు రాష్ట్రాలకు వద్దాం. ఇక్కడ ఒక పార్టీని వేలెత్తి చూపించి మిగతావాళ్లను వదిలేసే వీలు లేదు. 2014లో వరంగల్‌లో కాళోజీ శతజయంతి సందర్భంగా జరిగిన సభలోనే అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్, తెలంగాణను కించపరిచే మీడియాను కిలోమీటర్ల లోతున పాతరేస్తామని హెచ్చరించారు. ధిక్కారమే జీవితంగా బతికిన కవి పేరు మీద జరిగిన సభ అది. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం ఒక వ్యంగ్య పేజీ నడిపే వ్యక్తిని అరెస్టు చేసింది. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ ప్రమాదం మీద ప్రశ్నలున్న ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు అరవై దాటిన ఒక మహిళను వైఎస్సార్‌సీపీ ప్రభుత్వ కాలంలో సీఐడీ విచారణకు పిలిచింది. కూటమి ప్రభుత్వం వచ్చాక 2024 నవంబరులో వరుస అరెస్టులు జరిగాయి, ఈసారి వైఎస్సార్‌సీపీ సోషల్ మీడియా వాళ్ల వంతు. 2025 మార్చిలో తెలంగాణలో ముఖ్యమంత్రిని తిట్టిన ఒక వ్యక్తి వీడియో ప్రసారం చేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులు అరెస్టయ్యారు. నిన్న వాక్‌స్వాతంత్ర్యం అని అరిచినవాళ్లే ఇవాళ ఫిర్యాదుదారులు. కుర్చీ మారినప్పుడల్లా రెండు డైలాగులూ చేతులు మారతాయి.

అయితే నాయకుల వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది. దాన్ని దాటేసి వెళ్తే ఈ వ్యాసానికి విలువ లేదు. తెలుగు సోషల్ మీడియాలో రాజకీయ విమర్శ పేరుతో జరిగేదాంట్లో చాలా భాగం విమర్శే కాదు. నాయకుల భార్యల మీద, తల్లుల మీద, ఆడపిల్లల మీద రాసే రాతలు, మార్ఫింగ్ ఫొటోలు ఏ నాగరిక సమాజమూ భరించకూడదు. 2021 నవంబరులో తన భార్యను అవమానించారంటూ చంద్రబాబు మీడియా ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ నొప్పిని నేను చిన్నచూపు చూడను. కుటుంబాన్ని తిడితే ఎవరికైనా రక్తం మరుగుతుంది. అలాంటి రాతలకు కేసు పెట్టాల్సిందే, శిక్ష పడాల్సిందే. కానీ ఆ బూతు రాతల మీద జనానికున్న అసహ్యాన్ని అడ్డం పెట్టుకుని, పక్కనే ఉన్న మామూలు ప్రశ్నను కూడా అదే వ్యాన్ ఎక్కించేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే. మార్ఫింగ్ చేసినవాణ్నీ, గ్యాస్ ప్రమాదం మీద అనుమానం రాసినవాళ్లనూ ఒకే కళ్లతో చూడడానికి వీల్లేదు.

అలా చూడడానికి ఫోన్ కూడా కొంత కారణం. ఒకప్పుడు నాయకుడి దగ్గరకు విమర్శ పొద్దున్నే పేపర్ క్లిప్పింగుల ఫైలుగా వచ్చేది. ఎవరో చదివి, వడకట్టి, గీత గీసి పెట్టేవారు. ఇప్పుడు రాత్రి పదకొండింటికి పక్క మీద పడుకున్న మనిషి చేతిలోకి నేరుగా వస్తోంది. బూతూ, ప్రశ్నా, పెన్షన్ రాలేదన్న మొరా, ఎదుటి పార్టీ వాడి ఎగతాళీ అన్నీ ఒకే సైజు నోటిఫికేషన్లు. పది బూతులు చదివిన కోపంలో పదకొండోదిగా వచ్చిన మొర కూడా బూతులాగే వినిపిస్తుంది. పైగా తన భజన చేసే టీముకు తన పార్టీయే డబ్బిస్తోందని నాయకుడికి తెలుసు. కాబట్టి తిట్టేవాళ్లకూ ఎవరో డబ్బిస్తున్నారని గట్టిగా నమ్ముతాడు. డబ్బు తీసుకోకుండా, కడుపు మండి రాసే మనిషి ఉంటాడన్న ఊహే ఆయనకు దూరమైపోయింది.

పాత తరం నాయకులు ఇలా ఉండేవారు కాదని కొందరు అంటారు. సగమే నిజం. నన్ను వదలొద్దని కార్టూనిస్ట్ శంకర్‌కు చెప్పిన నెహ్రూ ప్రభుత్వమే, పత్రికల తరఫున సుప్రీంకోర్టు తీర్పులిచ్చాక 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి భావప్రకటన మీద ఆంక్షలను విస్తరించింది.

కోర్టులు చేయగలిగింది చాలావరకు చేశాయి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు జైలు వేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారీమన్‌ల ధర్మాసనం కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత కూడా ఆ రద్దయిన సెక్షన్ కిందే పోలీసులు కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. 2025 మార్చిలో కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, మాటల ప్రభావాన్ని గుండె ధైర్యం ఉన్న మనుషుల కొలతతో చూడాలి తప్ప, ప్రతి విమర్శలోనూ ముప్పు చూసే బలహీన మనస్కుల కొలతతో కాదని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఇంకాస్త కిందికి, అంటే స్టేషన్ దాకా దిగింది. పరువునష్టం ఫిర్యాదు చేసేవాడు అసలు బాధితుడేనా అని ముందు చూడమంది. ప్రాథమిక విచారణ లేకుండా కేసు కట్టొద్దంది. యాంత్రికంగా అరెస్టులు చేయొద్దంది. చాలా మంచి మాటలు. కానీ స్టేషన్ ఆఫీసర్ టేబుల్ మీద తీర్పు కాపీ ఒకటే ఉండదు, నాయకుడి మూడ్ గురించిన కబురు కూడా ఉంటుంది. ఏది ముందు చదువుతాడో మనకు తెలుసు.

అందుకే కేరళలో 2020 నవంబరులో జరిగింది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. సోషల్ మీడియాలో కించపరిచే రాతలకు మూడేళ్ల దాకా జైలు అంటూ పినరయి విజయన్ ప్రభుత్వం పోలీసు చట్టంలో 118ఏ సెక్షన్ చేరుస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. సొంత కూటమిలోంచే వ్యతిరేకత వచ్చింది. రెండు రోజుల్లోనే దీన్ని అమలు చేయబోమని ముఖ్యమంత్రి స్వయంగా చెప్పారు. ఆ వారంలోనే దాన్ని ఉపసంహరిస్తూ మరో ఆర్డినెన్స్ వచ్చింది. వెనక్కి తగ్గినందుకు ఆయన పరువేమీ పోలేదు. ఆర్నెల్లలో జరిగిన ఎన్నికల్లో 140 సీట్లలో 99 గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఆయన ఆ మాట పైకి చెప్పడం వల్ల కింద ఉన్నవాళ్లకు ఊహించుకునే పని లేకుండా పోయింది. మన ముఖ్యమంత్రుల్లో ఎవరైనా ఒక్కసారి ప్రెస్‌మీట్ పెట్టి, నన్ను విమర్శించారని నా పార్టీ వాళ్లెవరైనా ఫిర్యాదు తెస్తే తీసుకోవద్దు, నా కుటుంబం మీద బూతులు రాస్తే ఆ ఫిర్యాదు మేమే చేసుకుంటాం అని పోలీసులకు తెలుగులో స్పష్టంగా చెబితే చాలు. చట్టం మార్చక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

మా బంధువు ఆ తర్వాత ఏ నాయకుడి పోస్టు కిందా ఏమీ రాయలేదు. వాళ్ల కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా గుంతల ఫొటో పెడితే, ఇది బయటికి ఫార్వర్డ్ చేయకండి అని మొదట రాసేది ఇప్పుడు ఆయనే.